గచ్చిబౌలి నుంచి ఎర్రగడ్డకు ఎంత దూరం

2025 జులైలో హైదరాబాద్ గచ్చిబౌలిలో ఒక బ్యాంకు దగ్గర ఈగల్ పోలీసులు మఫ్టీలో కాపు కాశారు. తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు అంతకు ముందు నెలలోనే పెట్టిన కొత్త పేరు అది. గంజాయి పొట్లాల కోసం జనం ఒక్కొక్కరే వచ్చారు. దాదాపు రెండు గంటల్లో 14 మంది దొరికారు. వాళ్లలో ఐటీ ఉద్యోగులున్నారు, విద్యార్థులున్నారు, చిన్న బిడ్డను వెంటబెట్టుకుని వచ్చిన భార్యాభర్తలున్నారు. మూత్ర పరీక్షలు చేసి వాళ్లను డీఅడిక్షన్‌కు పంపారు. మర్నాటి వార్త ఆ మాటతోనే ముగిసింది.

అదే నెలలో, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, కూకట్‌పల్లి ప్రాంతపు కల్లు కాంపౌండ్లలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఎందరో కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. ఆ కల్లులో కలిపింది ఆల్ప్రాజోలం అని తేలింది. ఇది మెడికల్ షాపులో చీటీ మీద దొరికే నిద్రమాత్రల మందే.

ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చదివితే మన నగరంలో వ్యసన వైద్యం ఎక్కడుందో తెలుస్తుంది. పోలీసులు పట్టి పంపిన గంజాయి వినియోగదారుకు ఇవ్వడానికి ప్రపంచంలో ఎక్కడా ఆమోదం పొందిన మాత్ర లేదు. మద్యానికి ఉన్నాయి. హెరాయిన్, ట్రామడాల్ లాంటి నల్లమందు జాతి మత్తులకు ఉన్నాయి. నిద్రమాత్రల బానిసత్వానికి నెమ్మదిగా డోసు తగ్గించుకుంటూ వచ్చే పద్ధతి ఉంది. పొగాకుకూ ఉన్నాయి. వీటిలో చాలా వాటిని మంచం మీద పడుకోనక్కర్లేకుండా, ఓపీ చీటీ రాయించుకుని, ఉద్యోగం చేసుకుంటూనే వాడుకోవచ్చు. కానీ ఈ వైద్యం అందుకోగలిగినవాణ్ణి ఎవరూ పంపరు. తనంతట తానూ రాడు. ఎందుకు రాడన్నదే అసలు ప్రశ్న. దానికి ముందు, ఆ మందులేమిటో, అవి ఎంతవరకు పనిచేస్తాయో చూడాలి.

దేశం సంగతి కొంత చెప్పుకోవాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో మద్యం తాగేవాళ్లు దాదాపు 16 కోట్లు. వాళ్లలో తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవాళ్లు 5.7 కోట్లు. నల్లమందు జాతి మత్తులు వాడేవాళ్లు 2.26 కోట్లు, వాళ్లలో సాయం కావలసినవాళ్లు 77 లక్షలు. గంజాయి, భంగు, చరస్ కలిపి 3.1 కోట్లు. అన్నిటికంటే బాధపెట్టే అంకె వేరే ఉంది: మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యమో సాయమో అందింది. మధుమేహం విషయంలో ఇలాంటి అంకె వస్తే శాసనసభలో చర్చ జరిగేది.

తెలంగాణకు వస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతున్నారు. అంటే సైబరాబాద్ సమస్యను గంజాయి, ఎండీఎంఏ సమస్యగా మాత్రమే చూడటం తప్పు. పట్టుబడేది అవి కాబట్టి పేపర్లో వచ్చేవీ అవే. ఆసుపత్రి వాకిట్లో కూర్చోవలసినవాళ్లలో ఎక్కువమంది సీసా దగ్గర చిక్కుకున్నవాళ్లు.

నల్లమందు జాతితో మొదలుపెడతాను, ఎందుకంటే మాత్రలతో వ్యసన వైద్యం అన్న ఆలోచన పుట్టింది అక్కడే. 1964లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు హెరాయిన్‌కు బానిసలైన కొందరికి మెథడోన్ ఇచ్చి చూశారు. రోజుకొకసారి నోటి ద్వారా ఇచ్చే మందు. గంటగంటకూ హెరాయిన్ కోసం వెతుకులాటలో బతికిన మనుషులు చదువు గురించి, పని గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పటిదాకా వ్యసనాన్ని బలహీన మనస్తత్వం అని చూసిన వైద్యానికి అది పెద్ద కుదుపు. మెదడులో జరిగిన మార్పుకు మెదడులోనే పనిచేసే మందు కావాలన్న మాట అక్కడ గట్టిపడింది.

మన దేశంలో ఎక్కువగా వాడేది మెథడోన్ కాదు, బ్యుప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకుంటే కరిగే మాత్ర. ఇది పనిచేసే తీరు వంటింటి పొయ్యిని చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. హెరాయిన్ మంటను భగ్గుమనిపిస్తుంది, తర్వాత ఆర్పేస్తుంది. ఆరినప్పుడే ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, కళ్లూ ముక్కూ కారడం. దీన్నే విత్‌డ్రాయల్ అంటారు. బ్యుప్రెనార్ఫిన్ ఆ మంటను సిమ్‌లో పెడుతుంది. ఆరదు, ఎగయదు. డోసు పెంచుకుంటూ పోయినా ఒక హద్దు దాటాక మత్తు పెరగదు, కాబట్టి హెరాయిన్‌తో పోలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం చాలా తక్కువ. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిపితే మాత్రం ప్రమాదమే. ఈ మాత్రలో నాలాక్సోన్ అనే మరో మందును కూడా కలుపుతారు. నాలుక కింద పెట్టుకుంటే అది దాదాపు ఏమీ చేయదు. ఎవరైనా కరిగించి సూదితో ఎక్కించుకుంటే వెంటనే విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. దుర్వినియోగానికి మందులోనే వేసిన గొళ్లెం అది.

మొదటి డోసుకు వేళ చూసుకోవాలి. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగా ఇస్తే అప్పటికప్పుడు విపరీతమైన విత్‌డ్రాయల్ వస్తుంది. అందుకే ఆఖరిసారి వాడి సగం రోజు పైనే గడిచి, బాధ మొదలయ్యాక, డాక్టర్ కళ్లెదుట తొలి మాత్ర వేస్తారు. రెండు మూడు రోజుల్లో డోసు కుదురుతుంది. మనిషి పనికి వెళ్లగలడు. సూదుల ద్వారా హెచ్‌ఐవీ వ్యాపించకుండా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో, 2007 ప్రాంతం నుంచి ఈ వైద్యాన్ని దేశంలో తన కేంద్రాల ద్వారా ఇస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే మెథడోన్‌ను, బ్యుప్రెనార్ఫిన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఇదంతా ఎంతవరకు ఫలిస్తుంది? 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసింది. మెథడోన్ వాడుతున్న కాలంలో వెయ్యిమందికి ఏడాదికి 11 మరణాలు, మానేసిన కాలంలో 36. బ్యుప్రెనార్ఫిన్‌కు ఆ అంకెలు 4, 9కి కాస్త అటూ ఇటూ. ఫ్రాన్స్ 1990ల మధ్యలో మామూలు కుటుంబ వైద్యులకు బ్యుప్రెనార్ఫిన్ రాసే వీలిచ్చింది. నాలుగేళ్లలో ఓవర్‌డోస్ మరణాలు దాదాపు 80 శాతం తగ్గాయి. మన దేశంలో ఈ దారిలో పెద్ద అడుగు వేసింది పంజాబ్. 2017 అక్టోబరులో అక్కడ ఓఓఏటీ క్లినిక్కులు తెరిచారు. అంటే ఓపీలోనే మాత్ర ఇచ్చే కేంద్రాలు. పొలానికి పోతూ, డ్యూటీకి పోతూ ఆగి మాత్ర వేసుకుని వెళ్లే ఏర్పాటు. లక్షల మంది పేర్లు నమోదు చేయించుకున్నారు.

పంజాబ్ తప్పుల నుంచి కూడా నేర్చుకోవాలి. ప్రైవేటు కేంద్రాల నుంచి మాత్రలు పక్కదారి పట్టాయి, కేసులయ్యాయి. రోజూ వచ్చి క్యూలో నిలబడాలన్న నిబంధన వల్ల పని పోయి వైద్యం మానేసినవాళ్లున్నారు. తర్వాత మాత్రలు ఇంటికి తీసుకెళ్లే వీలిచ్చారు. కట్టుదిట్టం ఎక్కువైతే రోగి పోతాడు, తక్కువైతే మాత్ర బజారుకు పోతుంది. ఈ రెంటి మధ్య సరిగ్గా నిలబెట్టిన చోటల్లా మనుషులు బతికారు.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమేగా" అని అనేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ మాట అనే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. కొడుకు ఏ మాత్రా లేకుండా మునుపటిలా ఉండాలని వాళ్ల కోరిక. కానీ బ్యుప్రెనార్ఫిన్ మీద ఉన్నవాడు సమయానికి లేస్తాడు, డబ్బు దొంగిలించడు, సూది ముట్టడు, కోడ్ రాస్తాడు. షుగర్ ఉన్నవాడు ఇన్సులిన్‌కు బానిస అని మనం అనం. వైద్యం మధ్యలో ఆపేసిన తొలి వారాలే చావుకు అత్యంత దగ్గరి రోజులని అధ్యయనాలు చెబుతున్నాయి. ఎందుకంటే శరీరం పాత డోసుకు అలవాటు కోల్పోయి ఉంటుంది, మనిషి మాత్రం పాత డోసే వేసుకుంటాడు. కాబట్టి "ఎప్పుడు ఆపుతారు" అన్న తొందర ఇంట్లోవాళ్లు పెట్టకూడదు.

హైటెక్ సిటీలో ఈ జాతి మత్తు ఉందా అంటే, ఉంది. హెరాయిన్ రూపంలో తక్కువ, మాత్రల రూపంలో ఎక్కువ. వెన్నునొప్పికో ప్రమాదం తర్వాతో మొదలైన ట్రామడాల్, టపెంటడాల్ ఆగకుండా సాగిపోవడం అందులో ఒక దారి. ట్రామడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టమైన ఎన్డీపీఎస్ కిందికి తెచ్చారు. దొరకడం కష్టమైంది, బానిసత్వం మాత్రం చట్టంతో పోదు. ఇలా చిక్కుకున్న ఇంజినీరుకు బ్యుప్రెనార్ఫిన్ పనికొస్తుంది. కానీ మన దేశంలో అది మామూలు మెడికల్ షాపులో దొరకదు. గుర్తింపు పొందిన డీఅడిక్షన్ కేంద్రాలకే సరఫరా. కాబట్టి కేంద్రం ఎక్కడుందన్నదే అతని వైద్యాన్ని నిర్ణయిస్తుంది.

ఇక మద్యం. మన భాషలో మందు అంటే ఔషధమూ అదే, సీసాలో ఉండేదీ అదే. రెండో మందు వల్ల వచ్చిన జబ్బుకు మొదటి మందు ఉందని చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలిసినదల్లా గోడల మీద, పత్రికల చివరి పేజీల్లో కనిపించే ప్రకటన: తాగుబోతుకు తెలియకుండా అన్నంలో కలిపి పెడితే తాగుడు మానేస్తాడు. ఈ ప్రకటన ప్రాణాంతకం. ఆ పొడులలో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక ఆ మనిషి పెగ్గు వేస్తే, ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి, గుండె జబ్బు ఉన్నవాడైతే చనిపోనూవచ్చు.

డైసల్ఫిరామ్ కథ ఆసక్తికరమైనదే. 1940లలో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సెన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. తర్వాత మద్యం తీసుకున్నప్పుడు ఒళ్లు తిరగబడింది. మద్యం విరిగే క్రమంలో పుట్టే ఒక విషపదార్థాన్ని శరీరం వదిలించుకోలేకుండా ఇది అడ్డుపడుతుంది. తాగాలన్న కోరికను ఇది తగ్గించదు, తాగితే ఏమవుతుందో గుర్తుచేస్తుంది. అందుకే తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో భార్యో తండ్రో ఎదుటే వేసుకునేవాడికి బాగా పనిచేస్తుంది. చివరి మాత్ర వేసుకున్నాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండవచ్చు. దొంగతనంగా పెట్టేది మాత్రం వైద్యం కాదు, దాడి.

మిగతా రెండు మందులు ఇంతకంటే మృదువైనవి, ఇంతకంటే తక్కువ తెలిసినవి. నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి. తాగితే వచ్చే ఆనందాన్ని అది మెదడులో మందగింపజేస్తుంది. మొదటి పెగ్గు తర్వాత రెండో పెగ్గు కోసం చేయి చాచే ఆత్రం తగ్గుతుంది. కాలేయం బాగా చెడినవాళ్లకు జాగ్రత్తగా ఇవ్వాలి. ట్రామడాల్ లాంటివి వాడుతున్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు, వెంటనే విత్‌డ్రాయల్ వస్తుంది. అకాంప్రోసేట్ తాగుడు మానేశాక మానినట్టే నిలబడటానికి సాయపడుతుంది. ఇది కాలేయం మీద భారం వేయదు, కిడ్నీలు బాగుండాలి. రోజుకు మూడుసార్లు మింగాల్సి రావడం దీని లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇవి బ్యుప్రెనార్ఫిన్‌లా ప్రత్యేక కేంద్రాలకే పరిమితమైనవి కావు. డాక్టర్ చీటీ మీద ఏ ఓపీలోనైనా మొదలుపెట్టవచ్చు. మాధాపూర్‌లోనూ, మహబూబ్‌నగర్‌లోనూ.

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టని మగవాళ్లు మన ఊళ్లలో ఎందరో. దీక్ష విరమించిన రాత్రికే సీసా తెరిచేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు. దీన్ని చూసి "వాడికి మానే శక్తి ఉంది, మనసు లేదంతే" అంటారు జనం. నేను దీన్ని వేరేగా చదువుతాను. దీక్షలో నియమం ఉంది, తోటి స్వాములున్నారు, రోజూ చేయవలసిన పని ఉంది, నల్లబట్టల వల్ల అందరికీ తెలిసిన మాట ఉంది. 42వ రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి, మెదడు మాత్రం పాతదే. సరిగ్గా ఆ రోజునే అకాంప్రోసేటో నాల్‌ట్రెక్సోనో చేతిలో ఉండాలి, వారానికొకసారి పలకరించే కౌన్సిలర్ ఉండాలి. దీక్ష ఇచ్చిన 41 రోజుల ఆసరా వైద్యానికి దొరికే గొప్ప అవకాశం. దాన్ని మన వైద్యులు ఇంకా వాడుకోవడం లేదు.

ఒక్క హెచ్చరిక తప్పనిసరి. రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడంతో ఆగకపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలుకావచ్చు. ఇది ప్రాణం తీసే స్థితి. ఇదివరకు ఇలా అయినవాళ్లు, ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్లు ఆసుపత్రిలోనే మానాలి. మిగతావాళ్లకు అయిదారు రోజుల పాటు తగ్గించుకుంటూ పోయే మాత్రలు, విటమిన్ బి1, రోజు విడిచి రోజు ఓపీలో చూపించుకోవడం చాలు.

ఇప్పుడు కల్లు కాంపౌండ్ దగ్గరికి వెళ్దాం. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులతో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు అకస్మాత్తుగా ఆగిపోయింది. దానిలో కలిపే డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ ఆగిపోయాయి. రోజుల వ్యవధిలో జనం ఒళ్లు వణికి, మెడలు తిప్పుతూ, మతి చలించి, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. ప్రాణాలూ పోయాయి. సరఫరా ఆపడమే వైద్యం అనుకుంటే ఏమవుతుందో తెలంగాణ కళ్లారా చూసిన సందర్భం అది. నిద్రమాత్రలు ఏళ్ల తరబడి వాడినవాళ్లకు వాటిని ఒక్కసారిగా ఆపేయకూడదు. ఎక్కువసేపు పనిచేసే డైజిపామ్‌కు మార్చి, వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పూర్తిగా ఓపీలో చేయగలిగిన పని ఇది.

మేస్త్రీ పని చేసే మనిషి కల్లు కాంపౌండ్‌లో తెలియకుండా తాగిన ఆల్ప్రాజోలమే, అమెరికా వేళల్లో పనిచేసి పొద్దున ఆరుకు కర్టెన్లు మూసుకుని పడుకునే కొండాపూర్ ఉద్యోగి తెలిసి మింగుతున్న మాత్ర. మొదట పావు, తర్వాత సగం, తర్వాత ఒకటి, ఆపైన రెండు. మేస్త్రీకి కల్తీ అని పేరు, ఉద్యోగికి ప్రిస్క్రిప్షన్ అని పేరు. ఇద్దరి మెదడులోనూ జరిగేది ఒకటే. ఈ ఉద్యోగిని ఏ ఈగల్ బృందమూ పట్టుకోదు. అతను తన జబ్బును జబ్బు అని కూడా అనుకోడు. ఐటీ కారిడార్‌లో అన్నిటికంటే కనిపించని వ్యసనం ఇదేనని నా నమ్మకం.

గంజాయి, ఎండీఎంఏ, కొకైన్, మెఫెడ్రోన్. వీటికి మాత్ర లేదు. ఎన్నో మందులు పరీక్షించారు, ఏదీ నిలబడలేదు. ఏదైనా కేంద్రం "గంజాయి మాన్పించే ఇంజెక్షన్ ఉంది" అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. మాత్ర లేదంటే వైద్యం లేదని కాదు. రోజూ గంజాయి తాగేవాడు మానేశాక మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం తీవ్రంగా ఉంటాయి. రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి, నిద్ర మాత్రం నెల దాకా సతాయించవచ్చు. ఆ నెలను దాటించే కౌన్సెలింగ్, దాని కింద దాగిన దిగులుకో ఆందోళనకో సరైన మందు, తేదీలు తప్పకుండా వచ్చే ఓపీ. కొకైన్ లాంటి ఉత్తేజక మత్తులకైతే, మూత్ర పరీక్ష శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమానం ఇచ్చే పద్ధతికి మంచి ఆధారాలున్నాయి. శిక్ష కంటే అది బాగా పనిచేసింది. పోలీసులు పంపినవాడికి కావలసింది ఇదే. ఒక్కరోజు కౌన్సెలింగ్ ఇచ్చి సంతకం చేయించుకుంటే ఇది జరగదు.

ఇన్ని ఉండగా మన నగరంలో డీఅడిక్షన్ అంటే గేటు వేసిన భవనం, ఫోను లాక్కుని మూడు నెలలు ఉంచడం అనే అర్థం ఎందుకు స్థిరపడింది? ఒక కారణం చట్టాల గురించి తెలియకపోవడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక రుగ్మతల నిర్వచనంలోనే చేర్చింది. కాబట్టి సమ్మతి, గోప్యత హక్కులు ఈ రోగికీ వర్తిస్తాయి. ఇంట్లోవాళ్లు డబ్బు కట్టారని ఎవరినీ బలవంతంగా బంధించకూడదు. డాక్టర్ మీ వ్యసనం సంగతి మీ కంపెనీకి చెప్పకూడదు. ఎన్డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ఇంకో తలుపు తెరిచి పెట్టింది: వాడకం కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట స్వచ్ఛందంగా వైద్యం చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 1985 నాటి చట్టంలో తర్వాత చేర్చిన సెక్షన్ ఇది. కాలేజీల్లో జరిగే డ్రగ్స్ అవగాహన సదస్సుల్లో శిక్షల పట్టికతో పాటు దీన్నీ చెప్పాలి.

ఇంకో కారణం డబ్బు. మానసిక రుగ్మతలకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్పింది. అయితే బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు అనుమతించిన ప్రామాణిక మినహాయింపుల్లో మద్యపానం, మాదకద్రవ్య వ్యసనాల చికిత్స ఉంది. అంటే వ్యసనం చట్టం దృష్టిలో జబ్బు, పాలసీ దృష్టిలో తప్పు. పైగా మామూలు పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు. కారిడార్‌లోని పెద్ద కంపెనీలు తమ గ్రూప్ పాలసీల షరతులను బీమా కంపెనీతో కూర్చుని మాట్లాడుకుంటాయి. ప్రసూతి ఖర్చును, తల్లిదండ్రులను చేర్పించుకోగలిగిన హెచ్ఆర్ విభాగం వ్యసనపు ఓపీ వైద్యాన్నీ చేర్పించుకోగలదు. అడగాలన్న ఆలోచన రావాలి.

మూడోది ఎర్రగడ్డ అన్న పేరు. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడుంది. దశాబ్దాలుగా ఉచితంగా వైద్యం చేస్తోంది. 2015 కల్లు సంక్షోభంలో రోగులను చూసిందీ అదే. కానీ హైదరాబాద్‌లో ఒకణ్ణి అవమానించాలంటే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అంటాం. సినిమాల్లో నవ్వించడానికి కూడా ఆ పేరే వాడుకున్నాం. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎస్ఆర్ నగర్, ఈఎస్ఐ తర్వాతి స్టేషన్ ఎర్రగడ్డ. గంట లోపు ప్రయాణం. కానీ ఆ పేరున్న ఓపీ చీటీ జేబులో పెట్టుకుని ఆఫీసు లిఫ్ట్ ఎక్కే ధైర్యం మనం ఎవరికీ మిగల్చలేదు.

వేళలు ఇంకో అడ్డు. సర్కారు ఓపీ ఉదయం పూట నడుస్తుంది. రాత్రి షిఫ్టు ఉద్యోగి ఆ వేళకు నిద్రలో ఉంటాడు, పగటి షిఫ్టు ఉద్యోగికి ఆ వేళకు స్టాండప్ మీటింగ్ ఉంటుంది. వారానికోసారి సెలవు అడిగితే కారణం చెప్పాలి. లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా పూర్తిగా లేని దేశంలో ప్రైవేటు ఓపీ ఫీజు, కౌన్సెలింగ్ ఫీజు ప్రతి వారమూ కట్టడం జీతం బాగున్నవాడికే భారం. క్యాంటీన్‌లో, సెక్యూరిటీలో, హౌస్‌కీపింగ్‌లో, డెలివరీలో పనిచేస్తూ ఇదే కారిడార్‌ను నడిపిస్తున్నవాళ్ల మాట చెప్పనక్కర్లేదు.

తెలుగువాళ్లకు మత్తు మీద పోరాడిన చరిత్ర లేకపోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని కదిలించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ ఆడవాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ రోజుల్లోనూ, ఈ రోజు ఈగల్ దాడుల్లోనూ మనం అడిగింది సరుకు ఆపమని మాత్రమే. సరుకు ఆగిన రాత్రి వణికిపోయే మనిషికి ఏం ఇస్తారని అడిగిన ఉద్యమం ఇంకా రాలేదు.

కొండాపూర్‌లో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉంది. హైటెక్ సిటీకి ఆనుకునే ఉంది. వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే: అక్కడ వారానికి అయిదు రోజులు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వ్యసన చికిత్స ఓపీ తెరవండి. ఒక మానసిక వైద్యుడు, ఇద్దరు కౌన్సిలర్లు, ఒక నర్సు, బ్యుప్రెనార్ఫిన్ నిల్వకు అనుమతి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, విటమిన్ బి1. గుమ్మం మీద డీఅడిక్షన్ అన్న బోర్డు కూడా అక్కర్లేదు, గది నంబరు చాలు. ఈగల్ బృందం పట్టుకున్నవాళ్లను అక్కడికే పంపండి, పట్టుబడనివాళ్లు అక్కడికే తమంతట తాము వస్తారు.

చదువుతున్న మీలో ఎవరికైనా ఇది మీ ఇంటి సంగతే అయితే, ఆ ఓపీ తెరిచేదాకా ఆగవద్దు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితం. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. రోజూ తాగే మనిషి గానీ, రోజూ నిద్రమాత్ర మింగే మనిషి గానీ మీ ఇంట్లో ఉంటే, ఒక్కసారిగా మానిపించకుండా ముందు డాక్టర్‌కు చూపించండి.